హంతకుడెవరో తెలిసేలోపే మాట్లాడుకోవాలి: ఒక బుక్ క్లబ్ కేసు

నేపథ్యం

నేను లైబ్రరీలో పనిచేస్తాను. దాంతోపాటు అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో, కాలేజీల్లో నడిచే బుక్ క్లబ్బులకు ఏ పుస్తకం పెట్టుకోవాలి, ఎన్ని భాగాలుగా చదవాలి, మీటింగ్ ఎలా నడపాలి అన్న విషయాల్లో సాయం చేస్తుంటాను. ఈ కేసు రాయడానికి కారణం ఉంది. పాత క్లాసిక్ డిటెక్టివ్ నవలలు కలిసి చదువుదాం అని సరదాగా మొదలుపెట్టే గ్రూపులు చాలా చూశాను. అందరికీ నచ్చే రకం పుస్తకాలే కదా, ఇక్కడ ఇబ్బంది ఏముంటుంది అనుకుంటారు. తీరా చూస్తే కవిత్వం చదివే గ్రూపులైనా నిలబడతాయి కానీ ఇవి రెండు మూడు పుస్తకాలకే చప్పబడిపోతాయి. "మా వాళ్ళకి ఓపిక తక్కువండీ" అని సర్దుకుంటారు. ఓపిక సంగతి కాదది, పుస్తకం ఎంచుకునే పద్ధతిలోనే తేడా ఉంటోంది. ఈ గ్రూపుతో ఆ తేడా స్పష్టంగా బయటపడింది కాబట్టి దీన్నే తీసుకున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, కొందరి ఉద్యోగాలు మార్చాను.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సముదాయం. నెలకో ఆదివారం సాయంత్రం కలిసే పది పన్నెండు మంది. రిటైరైన లెక్కల మేష్టారు ఒకరు, ఆయన వయసువాళ్ళే ఇంకో ఇద్దరు ముగ్గురు, బ్యాంకులో పనిచేసే ఒకావిడ, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, ఇంటిపట్టున ఉండే ఇద్దరు గృహిణులు, వాళ్ళలో ఒకరి ఇంటర్ చదివే కొడుకు. పెద్దవాళ్ళంతా అద్దె లైబ్రరీల్లో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు తెచ్చుకుని, డిటెక్టివ్ యుగంధర్‌నీ అసిస్టెంటు రాజునీ ఇంట్లోవాళ్ళలా చూసుకుంటూ పెరిగినవాళ్ళు. కుర్రాళ్ళు షెర్లాక్ హోమ్స్‌ని టీవీ సిరీస్‌లలో చూసినవాళ్ళు. రెండు తరాలకీ కలిసే రుచి ఇదొక్కటే కనబడింది. అందుకే ఒక ఏడాదంతా ఇంగ్లీషు క్లాసిక్ మిస్టరీలు చదవాలని తీర్మానించుకున్నారు. ఆలోచన మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

వాళ్ళు చెప్పిన సమస్య, నేను చూసింది

నన్ను పిలిచేసరికి మీటింగులకు వచ్చేవాళ్ళు సగానికి పడిపోయారు. వాళ్ళు అడిగింది చాలా చిన్న సాయం. "మంచి నవలల లిస్టు ఒకటి ఇవ్వండి, మేం ఎంచుకున్నవి కుదరట్లేదు" అన్నారు. లిస్టు ఇవ్వడం తేలికే, ఇంటర్నెట్ నిండా లిస్టులే. కానీ వాళ్ళ దగ్గర అప్పటికే రెండు లిస్టులున్నాయి, వాటిలోవి చెడ్డ పుస్తకాలేమీ కావు. మంచి పుస్తకాలు పెట్టుకున్నా గ్రూపు నడవట్లేదంటే ఇంకో లిస్టుతో బాగుపడదు. అందుకని ముందు ఒక మీటింగులో ఊరికే కూర్చుంటానని చెప్పాను.

ఆ నెల పుస్తకం అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్'. ఆ ముగింపు న్యాయమా అన్యాయమా అని వందేళ్ళుగా పాఠకులు కొట్టుకుంటున్న నవల. దానిమీద రెండు గంటలు మాట్లాడుకోవచ్చు. అక్కడ జరిగింది ఇది: "మీరు కనిపెట్టారా?" "లేదండీ." "నేను సగంలోనే అనుకున్నా." "నాకు ముందే తెలుసు, ఎక్కడో చదివాను." "బాగుంది కదా." "చాలా బాగుంది." ఇరవై నిమిషాల్లో మాట పార్కింగ్ మీదికి, అక్కణ్ణుంచి మంజీరా నీళ్ళ మీదికి పోయింది. కనిపెట్టినవాళ్ళు కాస్త గర్వంగా, కనిపెట్టనివాళ్ళు కాస్త చిన్నబోయి కూర్చున్నారు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు క్లాసులో ఎలా ఉంటుందో అలా ఉంది. పుస్తకం పూర్తికానివాళ్ళు అసలు రానేలేదు, వస్తే ఎవరు చంపారో చెవిన పడుతుందని భయం. అంటే హాజరు తగ్గడం బద్ధకం వల్ల కాదు. నిజంగా ఆ పుస్తకం మీద ఇష్టం ఉన్నవాళ్ళే మీటింగుకి దూరంగా ఉండిపోతున్నారు.

అప్పుడే నాకో అనుమానం వచ్చింది. మామూలు నవలని అందరూ పూర్తిచేశాక కలవడం సరైన పద్ధతి. ఆ పాత్ర అలా చేసి ఉండాల్సిందా, ఆ పెళ్ళి నిలబడేదేనా అన్న ప్రశ్నలు చివరి పేజీ తర్వాత కూడా మిగిలే ఉంటాయి. మిస్టరీ అలా కాదు. ఇందులో ప్రశ్నలన్నీ చివరి అధ్యాయానికి ముందు బతికుంటాయి, ఆ అధ్యాయం వాటన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పేస్తుంది. ఈ గ్రూపు సరిగ్గా ఆ జవాబు వచ్చిన తర్వాత మాట్లాడుకుందామని కూర్చుంటోంది.

అయితే ఇది అప్పటికి అనుమానమే. వాళ్ళు నమ్ముతున్న కారణాలు వేరు: పుస్తకాలు మరీ తెలిసినవి అయిపోతున్నాయి, చివర ఎవరో ఒకరు లీక్ చేస్తున్నారు. ఈ రెండూ కొట్టిపారేయదగ్గ కారణాలు కావు. పైగా బయటనుంచి వచ్చిన మనిషి మొదటి రోజే "మీ పద్ధతే తప్పు" అంటే ఎవరు వింటారు? వాళ్ళ కారణాలనే ముందు పరీక్షిద్దామనుకున్నాం.

ప్రయత్నించినవి, నిలబడనివి

నేను రాకముందు వాళ్ళు ఓటింగుతో పుస్తకం ఎంచుకునేవాళ్ళు. ఓట్లు వేస్తే పేరున్నదే గెలుస్తుంది, అది ఎక్కడైనా అంతే. అలా గెలిచింది 1934 నాటి 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్'. 1974లో ఒక సినిమా, 2017లో ఇంకో సినిమా వచ్చిన కథ, సగం మందికి ముగింపు తెలుసు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళ ముందు నోరు కట్టుకుని కూర్చోవాల్సొచ్చింది. కాబట్టి ఈసారి అంతగా తెలియనిది తీసుకుందామన్నారు, డొరొతీ సేయర్స్ 1931లో రాసిన 'ఫైవ్ రెడ్ హెరింగ్స్' పెట్టుకున్నారు. స్కాట్లండ్‌లోని గాలవే ప్రాంతం, చిత్రకారుల ఊరు, ఒక చిత్రకారుడి శవం, అనుమానితులు ఆరుగురూ చిత్రకారులే. కాగితం మీద చూస్తే గ్రూపుకి చక్కగా సరిపోయేట్టుంది.

కుదరలేదు. కథంతా రైళ్ళ టైముల మీద, ఎవరి సైకిల్ ఏ స్టేషన్లో ఉంది అన్న లెక్కల మీద నడుస్తుంది. మాటలు స్కాట్లండ్ యాసలో ఉంటాయి. ఇంగ్లీషు బాగా వచ్చిన బ్యాంకు ఆవిడే "నాలుగు పేజీలకొకసారి గట్టిగా పైకి చదువుకుంటే తప్ప అర్థం కావట్లేదు" అన్నారు. మేష్టారు మాత్రం రైలు టైములన్నీ నోట్‌బుక్‌లో పట్టిక వేసుకుని మరీ చదివారు, ఆయన ఆనందం ఆయనది. మిగతావాళ్ళకి ఆరుగురిలో ఎవరు ఎవరో గుర్తుండటమే కష్టమైపోయింది.

కానీ ఆ పుస్తకంలో ఒక చోటు నేను గుర్తుపెట్టుకున్నాను. శవం దొరికిన చోట ఏ వస్తువు కోసం వెతకాలో డిటెక్టివ్ పోలీసుకి చెబుతాడు. అదేమిటో రచయిత్రి మనకి చెప్పదు, తెలివైన పాఠకులు వాళ్ళంతట వాళ్ళే పూరించుకోగలరు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను అని ఒక గమనిక పెట్టి ముందుకెళ్ళిపోతుంది. సరిగ్గా ఆ పేజీ దగ్గర ఆగి, పది మందీ చుట్టూ కూర్చుని "ఏమై ఉంటుంది?" అని ఒకరినొకరు అడిగి ఉంటే ఆ సాయంత్రం ఎంత బాగుండేది! మీటింగు నాటికి ఆ పేజీ ఎవరికీ గుర్తులేదు. నేను కదిపితే "ఆ, అదా, తర్వాత తెలిసిపోయింది కదండీ" అన్నారు.

లీకుల బెడద కోసం ఒక కఠినమైన రూలు పెట్టుకున్నారు. అందరూ పూర్తిచేసేదాకా వాట్సాప్ గ్రూపులో పుస్తకం గురించి ఒక్క మాట మాట్లాడకూడదు. లీకులు ఆగాయి, వాటితోపాటు గ్రూపు కూడా ఆగిపోయింది. మేష్టారు లాంటివాళ్ళు రెండు రోజుల్లో చదివేసి మిగతా నెలంతా ఏం మాట్లాడకుండా ఉండాలి, మీటింగు వచ్చేసరికి ఆయనకే క్లూలు మర్చిపోయే పరిస్థితి. నెమ్మదిగా చదివేవాళ్ళకి మరో టెన్షన్, తమ కోసం అందరూ ఆగి ఉన్నారన్న మొహమాటం. చదవడం సరదా కాస్తా బాకీ తీర్చడం అయింది. ఈ రూలుని చాలా గ్రూపుల్లో చూశాను. ఎక్కడా పనిచేయలేదు. ఎందుకంటే మిస్టరీ చదివేటప్పుడు మనిషికి పుట్టే మొట్టమొదటి కోరిక పక్కవాడితో "నాకు ఆ డాక్టరు మీద అనుమానంగా ఉంది" అని చెప్పుకోవాలని. ఆ కోరికనే నొక్కేస్తే కలిసి చదవడంలో ఇంకేం మిగులుతుంది?

అప్పుడు నా అనుమానాన్ని నేరుగా పరీక్షిద్దామని విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్' సూచించాను. ఇది 1868 జనవరి నుంచి ఆగస్టు దాకా చార్లెస్ డికెన్స్ నడిపిన 'ఆల్ ది ఇయర్ రౌండ్' పత్రికలో వారం వారం సీరియల్‌గా వచ్చిన నవల. భాగాలుగా చదవడం కోసమే కట్టిన కథ కాబట్టి మధ్యమధ్య ఆగే చోట్లు వాటంతటవే దొరుకుతాయని నా లెక్క. ఇంకో కారణం, మన వాళ్ళకి దానిలో దూరడానికి ఒక గుమ్మం ఉంది. కథ మొదలయ్యేది 1799లో శ్రీరంగపట్నం ముట్టడితో. ఒక ఇంగ్లీషు అధికారి అక్కడ టిప్పు ఆయుధాగారంలోంచి పసుపుపచ్చ వజ్రాన్ని ఎత్తుకుపోతాడు. అది ఇంగ్లండ్‌లో ఒక అమ్మాయి పుట్టినరోజు కానుకగా చేరి, ఆ రాత్రే మాయమవుతుంది.

మొదటి మీటింగు అద్భుతంగా జరిగింది. అది నా ఊహకి అందనంత. ఆ యుద్ధంలో నిజాం సైన్యం ఇంగ్లీషువాళ్ళ పక్షాన ఉందని పెద్దాయన ఒకరు గుర్తుచేశారు. అంటే ఆ దోపిడీ జరిగినప్పుడు మన ఊరి సైనికులు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నారన్నమాట అని ఇంటర్ కుర్రాడు కళ్ళు పెద్దవి చేశాడు. కాలిన్స్ తన ముందుమాటలో కోహినూర్ ప్రస్తావన తెస్తాడు. అక్కణ్ణుంచి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల దాకా మాట సాగింది. వజ్రం ఎవరు తీశారన్నది పక్కనపెట్టి, అసలు ఆ వజ్రం ఎవరిది అన్న వాదన నడిచింది. పార్కింగ్ మాట ఎత్తినవాళ్ళు లేరు.

రెండో నెలకి మళ్ళీ జారింది. కారణం పొడవు. మొదటి కథకుడు ఇంటి పెద్ద నౌకరు బెటరెడ్జ్, అతను చెప్పే భాగమే ఇరవై మూడు అధ్యాయాలు. అది ఎంత హాయిగా ఉన్నా, ఒకసారి వెనకబడినవాళ్ళు మళ్ళీ అందుకోలేకపోయారు. అయితే ఆ భాగం దాటినవాళ్ళు చెప్పిన ఒక మాట నాకు బాగా పనికొచ్చింది. తర్వాత కథ చెప్పేది మిస్ క్లాక్ అనే భక్తురాలు. కథకుడు మారగానే చర్చ మళ్ళీ వేడెక్కింది. అప్పటిదాకా "ఎవరు తీశారు?" అన్నవాళ్ళు "ఈవిడ మాట నమ్మొచ్చా?" అని అడగడం మొదలుపెట్టారు. రెండో ప్రశ్నకి చివరి పేజీ జవాబు చెప్పదు. అది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సింది.

ఆ మీటింగులోనే పెద్దావిడ ఒకరు తన చిన్నప్పటి సంగతి చెప్పారు. వారపత్రిక ఇంటికొస్తే నాలుగిళ్ళు తిరిగేదట. సీరియల్ చదివిన ప్రతివాళ్ళూ అరుగు మీద కూర్చుని వచ్చే వారం ఏమవుతుందో పందేలు కాసేవాళ్ళట. "ఎవరికీ ముందు తెలిసేది కాదు కదమ్మా, అందుకే అందరం సమానమే" అన్నారు. నేను చెప్పాలనుకుని సరైన మాట దొరక్క వెతుకుతున్నది అదే. గ్రూపుకి కావల్సింది ముగింపు గొప్పగా ఉన్న పుస్తకం కాదు, మధ్యలో ఆగడానికి మంచి చోటున్న పుస్తకం. ఆగిన చోట అందరికీ తెలిసిందీ తెలియనిదీ ఒకటే అయి ఉండాలి.

పనిచేసినది

ఈ లెక్కతో ఎంచింది క్రిస్టీ 'ఫైవ్ లిటిల్ పిగ్స్', 1942 నాటిది. ఆమె పుస్తకాల్లో ఇది మొదటగా గుర్తొచ్చే పేరు కాదు, అది కూడా మంచిదే అయింది, ఎవరూ సినిమా చూసి రాలేదు. పదహారేళ్ళ క్రితం ఒక చిత్రకారుడికి విషం పెట్టి చంపిందని భార్యకి శిక్ష పడింది, ఆమె జైల్లోనే పోయింది. తాను నిర్దోషినని కూతురికి ఉత్తరం రాసి పెట్టింది. పెరిగి పెద్దదైన కూతురు క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ పొయిరో దగ్గరికి వచ్చి నిజం తేల్చమంటుంది. ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంకో ఐదుగురు.

ఎందుకు ఇదే అంటే, ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు తక్కువ. ఐదుగురు సాక్షులూ ఒకరికొకరు పోలిక లేనివాళ్ళు. ఇంగ్లీషు నెమ్మదిగా చదివేవాళ్ళకి భాష కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేర్లే, ఇది నేను పదే పదే చూశాను. రెండోది, పాత కేసు కాబట్టి పొయిరో వేలిముద్రలు వెతకడు, బూట్ల గుర్తులు చూడడు, ఉన్నవన్నీ మనుషుల మాటలే. పొయిరో ముందున్నదే మన ముందూ ఉంటుంది. మూడోది, అన్నిటికంటే ముఖ్యం, పుస్తకం తనంతట తానే మూడు భాగాలుగా విడిపోతుంది. మొదటి భాగంలో పొయిరో లాయర్లనీ పోలీసునీ ఆ ఐదుగురినీ కలుస్తాడు. రెండో భాగంలో ఐదుగురూ తలా ఒకరు ఆ రోజు జరిగింది రాసి పంపుతారు. మూడో భాగంలో విషయం తేలుతుంది. ఇంతకంటే మంచి ఆగే చోట్లు ఏ పుస్తకంలో దొరుకుతాయి?

మూడు మీటింగులుగా పెట్టుకున్నాం, రెండు వారాలకొకటి. నెలకొకటి అయితే క్లూలు మర్చిపోతారు, వారానికొకటి అయితే ఉద్యోగస్తులకి కుదరదు.

రెండో మీటింగు మీద బాగా ఆలోచించాం. ఐదు సాక్ష్యాల్లో ఒక్కోటి ఇద్దరికి అప్పగించాం. వాళ్ళు ఆ సాక్షి తరఫున మాట్లాడాలి, మిగతావాళ్ళు ప్రశ్నలడగాలి, జవాబు పుస్తకంలో ఉన్నదాన్ని బట్టే చెప్పాలి. 'మూన్‌స్టోన్' దగ్గర వెనకబడినవాళ్ళు మళ్ళీ లోపలికి రాలేకపోయారు కదా, దానికి మందు ఇది. మొదటి భాగం సగమే చదివినా తన సాక్ష్యం ఉన్న ఆ కొద్ది పేజీలు చదువుకుని వస్తే చాలు, మీటింగులో ఆ మనిషి అవసరం అందరికీ ఉంటుంది. అన్ని రోజులూ ఒక్కమాట మాట్లాడని గృహిణి ఒకరు ఆ రోజు ఒక సాక్షి గురించి అన్నారు: "ఈవిడ అబద్ధం చెప్పట్లేదు. కానీ తను చూసినదే మొత్తం అనుకుంటోంది. మా ఇళ్ళల్లో గొడవలప్పుడు జరిగేది ఇదే." మేష్టారు ఒప్పుకోలేదు. "సాక్ష్యం సాక్ష్యమే తల్లీ, నీ ఇంటి సంగతి వేరు" అన్నారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు, పేజీ తీసి చదివి వినిపించారు. ఎవరు సాక్షిగా మాట్లాడారో, ఏ పేజీ అన్నది చెప్పను, ఇంకా చదవనివాళ్ళు ఉంటారు.

మూడో భాగం తెరవకముందు ప్రతి ఒక్కరూ ఒక చీటీ రాయాలి. ఎవరు, ఎందుకు, ఏ వాక్యం చూసి అలా అనుకున్నారు. ఈ మూడో ప్రశ్న కోసమే చీటీ పెట్టింది. ఎవరు అన్నది గుడ్డిగా అన్నా తగలొచ్చు, ఐదుగురే కదా. వాక్యం చూపించాలంటే మాత్రం వెనక్కెళ్ళి మళ్ళీ చదవాలి. చీటీలన్నీ ఒక కవర్లో వేసి అంటించి పెద్దావిడ దగ్గర ఉంచాం.

చీటీలకి మార్కులు వేద్దామని మేష్టారు, సరిగ్గా చెప్పినవాళ్ళకి గిఫ్ట్ కార్డు ఇద్దామని సాఫ్ట్‌వేర్ కుర్రాడు అడిగారు. రెండూ వద్దన్నాను. మార్కులు మొదలైతే గ్రూపు మళ్ళీ ఆ మొదటి మీటింగులా అవుతుంది, తప్పు చెబుతామేమోనని భయపడి జనం గట్టిగా ఏదీ అనరు. చివరి మీటింగులో మేం అడిగింది "ఎవరిది కరెక్ట్?" అని కాదు, "ఏ వాక్యం మిమ్మల్ని తప్పుదోవ పట్టించింది?" అని. అప్పుడు తప్పుగా అనుకున్నవాళ్ళ దగ్గరే ఎక్కువ సరుకు ఉంటుంది. ఒకే వాక్యాన్ని ముగ్గురు మూడు రకాలుగా చదివారని తేలింది, క్రిస్టీ ఆ వాక్యాన్ని ఎంత జాగ్రత్తగా పెట్టిందో చూసి ఆ రోజు అందరం కాసేపు ఆ పేజీలోనే ఉండిపోయాం. ముగింపు తెలిశాక కూడా రెండు గంటలు మాట్లాడుకున్న మొదటి పుస్తకం వాళ్ళకి అదే.

బ్యాంకు ఆవిడ ఈ పుస్తకాన్ని చాలా ఏళ్ళ క్రితం చదివేశారు. ముందే చదివినవాళ్ళని ఏం చేయాలన్నది ప్రతి గ్రూపుకీ ఉండే సమస్య. ఆవిడకి ఒక పని అప్పగించాం. ఎవరైనా "పుస్తకంలో అలా ఉంది" అంటే ఉందో లేదో చూసి చెప్పడం, అంతవరకే. ఉంది, లేదు, ఫలానా పేజీ. చిరునవ్వు కూడా నవ్వకూడదు, ఎందుకంటే ఆ నవ్వు కూడా క్లూయే. ఆవిడ ఈ పనిని ఎంతో శ్రద్ధగా చేశారు.

పుస్తకాలు సమకూర్చుకోవడం గురించి రెండు మాటలు. క్రిస్టీ చనిపోయింది 1976లో. మన దేశంలో రచయిత మరణం తర్వాత అరవై ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. అందుకని వాట్సాప్‌లో పీడీఎఫ్ తిప్పుదామన్న మాట దగ్గరే ఆపాను. కొందరు కొత్తవి కొన్నారు, కొందరికి ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాతవి దొరికాయి, ఇద్దరు ఫోన్లోనే కొనుక్కుని చదివారు. రకరకాల ఎడిషన్లు కాబట్టి పేజీ నంబర్లు కలవవు, అధ్యాయం పేరుతో చెప్పుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఆ తర్వాత

ఊపు వచ్చాక ఆంథొనీ బర్క్‌లీ 1929 నాటి 'ది పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్' పెట్టుకున్నారు. ఇది అచ్చంగా గ్రూపు గురించిన పుస్తకమే. నేరాల మీద ఆసక్తి ఉన్న ఆరుగురు సభ్యుల క్లబ్బు, పోలీసులకి అంతుపట్టని ఒక విషప్రయోగం కేసు, ఆరుగురూ వరసగా ఒక్కొక్కరు లేచి తన పరిష్కారం చెబుతారు. ప్రతిదీ నమ్మేలాగే ఉంటుంది, తర్వాతివాళ్ళు వచ్చి దాన్ని పడగొడతారు. ఒక్కో పరిష్కారం దగ్గర ఆగి ఇది నిలుస్తుందా అని వాదించుకున్నాం. మేష్టారికి ఈ పుస్తకం మీద ప్రాణం. ఉన్న వాస్తవాలు అవే, వాటినుంచి ఇన్ని రుజువులు ఎలా వస్తున్నాయని రోజూ ఫోన్ చేసేవారు. తర్వాత 1979లో క్రిస్టియానా బ్రాండ్ అనే రచయిత్రి ఇంకో పరిష్కారం రాసి చేర్చింది. అది విని కుర్రాళ్ళు తమ సొంత పరిష్కారం ఒకటి తయారుచేశారు, అదీ బాగానే నిలబడింది. కానీ దీన్ని మొదటి పుస్తకంగా ఎవరికీ చెప్పను. ఒకరి మాట ఒకరు కాదనడం అలవాటైన గ్రూపుకే ఇది పండుతుంది, కొత్తవాళ్ళకి అయోమయంగా ఉంటుంది.

'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' అనే షెర్లాక్ హోమ్స్ నవల మధ్యస్తంగా నడిచింది. కానన్ డాయిల్ 1930లోనే పోయాడు కాబట్టి కాపీరైటు గొడవ లేదు, ప్రింట్లు తీసుకోవచ్చు, ఎవరైనా తెలుగులో చెప్పుకుంటూ చదివి వినిపించొచ్చు. 1901, 1902ల్లో పత్రికలో సీరియల్‌గా వచ్చిందే. మధ్యలో హోమ్స్ స్నేహితుడు వాట్సన్ రాసే రిపోర్టులు, డైరీ ఉంటాయి, 11వ అధ్యాయం చివర ఆగితే మళ్ళీ కలిసేదాకా నిద్రపట్టదు. వినడానికి ఇంత మంచి పుస్తకం లేదు. కానీ అనుమానించడానికి మనుషులు తక్కువ, అందుకే చర్చ కొంచెమే నడుస్తుంది. కళ్ళ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ళు ఉన్న గ్రూపులకి మాత్రం దీన్నే మొదట చెబుతాను.

ఇంటర్ కుర్రాడు 1939 నాటి 'అండ్ దెన్ దేర్ వర్ నన్' పెట్టమని పట్టుబట్టాడు. వద్దన్నాను, వాడికి కోపం వచ్చింది. ఆ పుస్తకం మీద నాకూ ప్రేమే. కానీ దాన్ని మధ్యలో ఎవరు ఆపగలరు? మొదటి భాగం ఇంతవరకే చదవండి అంటే ఒక్కరు కూడా మాట నిలబెట్టుకోరు, అది వాళ్ళ తప్పూ కాదు. ఒక్కరే రాత్రంతా కూర్చుని చదువుకోవాల్సిన పుస్తకం అది. సంక్రాంతి సెలవుల్లో ఎవరికి వాళ్ళు చదువుకున్నారు, మీటింగు పెట్టలేదు.

ఇప్పుడు ఎంచుకునేటప్పుడు చూసేవి

ఈ కేసు తర్వాత ఏ గ్రూపు నన్ను మిస్టరీ అడిగినా పుస్తకం పేరు చెప్పేముందు నేనే ఆ పుస్తకాన్ని ఇంకోసారి తిరగేసి ఆగే చోటు ఎక్కడుందో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను. దాదాపు అన్ని క్లూలూ వచ్చేసి, జవాబు ఇంకా రాని చోటు. కొందరు రచయితలు ఈ పని మనకి మిగల్చకుండా వాళ్ళే చేసిపెట్టారు. ఎల్లరీ క్వీన్ పేరుతో 1929 నుంచి వచ్చిన తొలి నవలల్లో ముగింపుకి ముందు కథ ఆపి, కావల్సిన సమాచారం అంతా ఇచ్చేశాం, ఇక మీరే చెప్పండి అని పాఠకుడికి నేరుగా సవాలు విసురుతారు. 1932 నాటి 'ది గ్రీక్ కాఫిన్ మిస్టరీ' అయితే మధ్యలో తప్పుడు పరిష్కారాలు కూడా ఇస్తుంది, లెక్కలు ఇష్టమైన గ్రూపుకి బాగుంటుంది.

ఆగే చోటు దొరికాక చూసేది, అక్కడ హంతకుడెవరన్నది కాక వాదించుకోవడానికి ఇంకేమైనా ఉందా అని. ఒక మనిషి మాట నమ్మొచ్చా, ఆ శిక్ష న్యాయమేనా, ఆ ఇల్లాలు ఎందుకు ఊరుకుంది, ఆ వజ్రం ఎవరిది. ఇలాంటిది ఒక్కటైనా లేకపోతే ఎంత తెలివైన పజిల్ అయినా గ్రూపుకి ఇవ్వను. వెనకబడినవాళ్ళు మధ్యలో దూరడానికి దారి ఉందా అని చూస్తాను. సాక్ష్యాలు, ఉత్తరాలు, డైరీలు ఉన్న నవలల్లో ఆ దారి తేలిగ్గా దొరుకుతుంది. పేర్లు మరీ ఎక్కువైతే మొదటి మీటింగుకి ముందే ఎవరికి ఎవరు ఏమవుతారో ఒక కాగితం మీద రాసి పంచుతాను. పుస్తకం ఎంత పేరున్నది అన్నది అన్నిటికంటే ఆఖరున చూస్తాను.

ఈ గ్రూపులో ఇంకా తేలనిది ఒకటుంది, తెలుగు అనువాదాల సంగతి. ఇద్దరు ముగ్గురు తెలుగులోనే చదువుతామంటారు, అడగడం న్యాయమే. కానీ పాత ఇంగ్లీషు మిస్టరీలకి దొరికే తెలుగు పుస్తకాల్లో చాలావరకు సంక్షిప్తాలు. కుదించేటప్పుడు కథకి అవసరం లేదనిపించిన చిన్న చిన్న మాటలు ముందుగా పోతాయి, మిస్టరీలో క్లూలు దాక్కునేది సరిగ్గా ఆ మాటల్లోనే. మొన్నొకసారి ఇంగ్లీషులో చదివినవాళ్ళు ఒక సంభాషణ మీద వాదించుకుంటుంటే తెలుగులో చదివినవాళ్ళు తెల్లమొహం వేశారు, వాళ్ళ పుస్తకంలో ఆ సంభాషణే లేదు. ప్రస్తుతానికి ఆగే చోటు దాకా రెండూ పక్కపక్కన పెట్టి నేను చూస్తున్నాను. తెలుగులో పోయిన భాగాలు ఏ అధ్యాయంలో ఉన్నాయో గుర్తుపెట్టి బ్యాంకు ఆవిడకి పంపితే, ఆవిడ వాటిని తెలుగులో చెప్పి ఆడియో రికార్డు చేసి ఆ ముగ్గురికీ పంపుతున్నారు.